మాట, చదువు, చిరాకు: పిల్లల విషయంలో మూడూ ఒకే ముడి

బిడ్డకి రెండేళ్ళు నిండినా మాటలు రాకపోతే మన ఇళ్ళల్లో ముందు జరిగేది వస వెయ్యడం. అమ్మమ్మ వస కొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాలుకకి రాస్తుంది. ఆ తర్వాత "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు", "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే వచ్చాయి" అని సర్దిచెప్పుకోవడం. ఎవరో ఒకరు నాలుక కింద నరం కోయించమంటారు. ఈలోగా మూడేళ్ళు దాటిపోతాయి. బిడ్డని ఎల్‌కేజీలో వేస్తారు. నెల తిరక్కుండానే స్కూలు నుంచి ఫోన్: "మీ బాబు ఒక్కచోట కూర్చోవట్లేదండీ. చెప్పింది వినట్లేదు. బెల్ కొడితే చెవులు మూసుకుని ఏడుస్తున్నాడు."

అక్కణ్ణుంచి పరుగు. మాటలకి స్పీచ్ థెరపీ, చదువుకి ట్యూషన్, చిరాకుకి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి తోడ్పడే శిక్షణ. మూడు చోట్ల మూడు ఫైళ్ళు, ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. కానీ బిడ్డ ఒక్కడే కదా. చెప్పింది అర్థం కానివాడు క్లాసులో కూర్చోలేడు. శబ్దానికి బెదిరి ఉన్నవాడికి టీచర్ మాట బుర్రకెక్కదు. "నాకొద్దు" అని చెప్పే దారి లేనివాడు కరుస్తాడు, లేదా పారిపోతాడు. ఏ చివర పట్టుకుని లాగాలో తెలిస్తే ముడి కొంతైనా వదులవుతుంది.

ఇదేదో అరుదైన వ్యవహారం అనుకోవద్దు. దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ కూడా ఉంది. వినికిడి, చూపు, మాట, ఆటిజం (ఎదుటి మనిషితో కలవడంలో, కబురు పంచుకోవడంలో పుట్టుకతో ఉండే తేడా), మూర్ఛ, కదలికల లోపాలు, బుద్ధి వికాసం, ఏడీహెచ్‌డీ (నిలకడగా ఉండలేకపోవడం, దృష్టి నిలపలేకపోవడం), చదువుకి సంబంధించిన ఇబ్బందులు, వీటిలో కనీసం ఒక్కటైనా దాదాపు ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో ఒకరికి ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు ఉంటారు. వాళ్ళలో చాలామందికి పేరు పెట్టి చెప్పిన సమస్య ఏదీ ఉండదు, "అల్లరోడు", "మందమతి" అన్న ముద్ర తప్ప.

వస గురించి ఒక్కమాట చెప్పి ముందుకెళ్తాను. అది మాటలు తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు. అందులో ఉండే బీటా-అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికా ఎఫ్‌డీఏ 1968లోనే ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించింది. అమ్మమ్మ ప్రేమని తప్పు పట్టక్కర్లేదు గానీ, పసిబిడ్డ నోట్లో అది పెట్టక్కర్లేదు.

ముందు చెవి సంగతి తేల్చుకోవాలి

మాట ఆలస్యం అనగానే మొదటి పరీక్ష వినికిడిది. ఆటిజం అనుమానం ఉన్నా, ఇంకేది ఉన్నా సరే. ఈ మెట్టు దాటేసే ఇళ్ళు చాలానే ఉన్నాయి. దానికి కారణం ఒక తప్పు లెక్క: "పిలిస్తే పలకడు గానీ టీవీలో యాడ్ వస్తే పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు, కాబట్టి చెవులు బ్రహ్మాండం." వినికిడి లోపం అంటే ఏమీ వినపడకపోవడమే అయ్యుండక్కర్లేదు. కొందరు పిల్లలకు డప్పు, తలుపు చప్పుడు, అచ్చుల మోత లాంటి బొంగురు శబ్దాలు బాగా వినపడతాయి. సన్నని శబ్దాలు జారిపోతాయి. స, ష, త లాంటి హల్లుల్ని గుర్తుపట్టేది ఆ సన్నని భాగంతోనే. అలాంటి బిడ్డకి ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. జలుబు చేసినప్పుడల్లా మధ్య చెవిలో నీరు చేరే పిల్లలది ఇంకో తంటా. ఒక వారం వినపడుతుంది, ఒక వారం వినపడదు. ఇంట్లోవాళ్ళు దాన్ని మొండితనం ఖాతాలో వేస్తారు.

పరీక్షలు కష్టమైనవేం కావు. ఓఏఈ అంటే చెవిలో చిన్న గొట్టం లాంటిది పెట్టి నిమిషాల్లో చూసేది. బెరా అంటే బిడ్డ నిద్రపోతుండగా తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి నరం ఎలా స్పందిస్తోందో చూసేది. పుట్టినప్పుడు చేసిన ఓఏఈలో పాసయ్యాడన్న కాగితం రెండేళ్ళ తర్వాత మాట్లాడని బిడ్డకి సరిపోదు. పుట్టాక వచ్చే లోపాలు ఉంటాయి, ఓఏఈకి దొరకనివీ ఉంటాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షించి, అనుమానం ఉన్నవాళ్ళని జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఖర్చు లేదు. తీవ్రమైన చెవుడు తేలితే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో ఆపరేషన్ చేసి అమర్చే పరికరం దాకా వెళ్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు జరిగాకే ఈ పేరు మన పల్లెల దాకా చేరింది. అయితే ఆపరేషన్‌తో సగం పనే అవుతుంది. మెషీన్ సర్దుబాటు, వినడం నేర్పే థెరపీ ఏళ్ళ తరబడి సాగాలి. వయసు పెరిగే కొద్దీ ఫలితం తగ్గుతుంది కాబట్టి ఇక్కడ "చూద్దాంలే" అన్న మాట చాలా ఖరీదైనది.

మాటకి ముందు చూపుడు వేలు

చెవులు బాగానే ఉన్నాయని తేలాక అందరూ ఎన్ని మాటలు వచ్చాయని లెక్కపెట్టడం మొదలెడతారు. దానికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఏడాదిన్నర పాప పిట్టగోడ మీద కాకిని చూసి, వేలు చూపించి, వెనక్కి తిరిగి అమ్మ మొహం చూస్తుంది. ఆ కాకి తనకేం అక్కర్లేదు. నువ్వూ చూశావా లేదా అన్నదే దాని ఆరాటం. అదే వయసున్న ఇంకో బాబు అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, ఆ చేతిని హ్యాండిల్ మీద పెడతాడు. మొహం వైపు చూడడు. ఇద్దరికీ ఇంకా మాటలు రాలేదు. కానీ పాప అప్పుడే కబుర్లు చెబుతోంది. బాబుకి తన అవసరం తెలుసు, దాన్ని ఎదుటి మనిషితో పంచుకోవచ్చన్న సంగతి ఇంకా పట్టుబడలేదు. పిల్లల డాక్టర్లు, సైకాలజిస్టులు గంటసేపు ఆటబొమ్మలు ముందేసుకుని వెతికేది చాలావరకు ఈ తేడానే.

వయసు లెక్కలు మోటుగా గుర్తుంచుకుంటే చాలు. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, టాటా చెప్పడం లాంటి సైగలు రావాలి. ఏడాదిన్నరకి వేలితో చూపించాలి, కొన్ని మాటలుండాలి. రెండేళ్ళకి "అమ్మ దా", "పాలు కావాలి" అన్నట్టు రెండేసి మాటలు కలపాలి. వచ్చిన మాటలు మళ్ళీ పోతుంటే మాత్రం ఏ వయసైనా సరే, వారం కూడా ఆగొద్దు.

గోరుముద్ద తినిపిస్తూ చందమామని చూపించే అలవాటు మనకి ఊరికే రాలేదేమో అనిపిస్తుంది. పెద్దవాళ్ళు చూపించిన వైపు బిడ్డ చూడటం, మళ్ళీ మొహం చూడటం, నోరు తెరవడం, ఇలా పూటకి పాతికసార్లు జరిగేది. ఇప్పుడు ఆ చోటులో ఫోన్ ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్ చూపించడం వల్లే ఆటిజం వచ్చిందంటూ "వర్చువల్ ఆటిజం" పేరుతో యూట్యూబ్‌లో తెగ తిరుగుతోంది. వైద్యుల ప్రామాణిక గ్రంథాల్లో అలాంటి నిర్ధారణ లేదు. స్క్రీన్ వల్ల పోయేది మనిషితో గడిపే సమయం. ఆటిజానికి మాత్రం పుట్టుకకి ముందు నుంచే ఉన్న కారణాలు, ముఖ్యంగా జన్యువులు ఎక్కువ. ఆ యూట్యూబ్ మాట వల్ల ఒరిగేదల్లా ఇంట్లో అందరూ కలిసి తల్లిని తప్పు పట్టడమే.

మాటలు నేర్పించాలని మనం చేసే పెద్ద పొరపాటు పరీక్ష పెట్టడం. చుట్టాలు రాగానే "నోస్ ఏది? యాపిల్ చూపించు. అంకుల్‌కి రైమ్ చెప్పు." మాట రాని బిడ్డకి ప్రతి ప్రశ్నా ఒక ఓటమి. ప్రశ్న తగ్గించి, వాడు చూస్తున్న దాని గురించి చిన్నగా చెప్పడం మేలు. నీళ్ళ బకెట్‌తో ఆడుతుంటే "నీళ్ళు. చల్లగా ఉన్నాయి. పోద్దాం... పోసేశాం." చెప్పి ఊరుకోవాలి. మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఆగాలి. ఈ ఆగడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మన ఇళ్ళల్లో నిశ్శబ్దం ఎవరికీ అలవాటు లేదు. బువ్వ, లాల, జోజో, చీచీ లాంటి మాటలు చిన్నపిల్లల నోటికి తేలిగ్గా తిరుగుతాయి, రోజూ పని పడతాయి. వాటిని పక్కన పెట్టి "ఎలిఫెంట్", "రైనోసరస్" నేర్పించడంలో అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

కొందరు పిల్లలు విన్నది విన్నట్టు తిరిగి అప్పజెబుతారు. "అన్నం తింటావా?" అంటే "తింటావా" అంటారు. ఆకలేసినప్పుడు తామే వచ్చి "తింటావా" అంటారు. అది చిలకపలుకు అని కొట్టిపారెయ్యకూడదు, ఎందుకంటే ఆ బిడ్డ అడుగుతున్నాడు. మనం ఎప్పుడూ ఆ సందర్భంలో ఆ రూపమే వినిపించాం, వాడు దాన్నే పట్టుకున్నాడు. అలాంటప్పుడు సరిదిద్దుతూ "తింటాను అనాలి, తింటాను అను" అని వెంటపడితే బిగుసుకుపోతాడు. వాడి వైపు నుంచి మనమే "ఆకలేస్తోంది. అన్నం కావాలి" అని చెప్పి వెంటనే పెడితే, కొన్నాళ్ళకి పట్టుకునే రూపం మారుతుంది.

ఇంట్లో తెలుగా, ఇంగ్లీషా?

"ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు." ఈ సలహా స్కూళ్ళు ఇస్తాయి, కొందరు థెరపిస్టులూ ఇస్తారు. దీనికి ఆధారం లేదు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని, ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా రెండో భాష అదనంగా వెనక్కి లాగదని పరిశోధనలు పదే పదే చెబుతున్నాయి. ఈ సలహా పాటిస్తే జరిగే నష్టం మాత్రం కళ్ళముందే కనపడుతుంది. తాతయ్య, నాయనమ్మ మూగబోతారు. అమ్మ తనకి ధారాళంగా రాని భాషలో "కమ్, సిట్, ఈట్, నో" అని నాలుగు ముక్కలు మాట్లాడుతుంది. రోజంతా వందల మాటలు వినాల్సిన బిడ్డకి ఆజ్ఞలు తప్ప ఏమీ మిగలవు. ఏ భాషలో మీకు కబుర్లు, విసుర్లు, ముద్దుమాటలు వాటంతటవే వస్తాయో ఆ భాషే బిడ్డకి మంచిది. చదువుకి కావాల్సిన ఇంగ్లీషు దాని మీద నిలబడుతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది ఇంకో రకంగా తగులుతుంది. ప్రత్యేక విద్య కోసం అక్కడున్న ఐడియా చట్టం ప్రకారం, ఏమాత్రం కుదరని పరిస్థితిలో తప్ప, బిడ్డని ఇంటి భాషలోనే అంచనా వేయాలి. ఆ సంగతి అడిగితే గానీ దుబాసీని పెట్టరు. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే, తెలుగులో చక్కగా వాక్యాలు కలిపే పిల్లకి కూడా లోపం ఉందని రాసేస్తారు. దానికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. రెండు భాషల్లోనూ ఇబ్బంది పడుతున్న పిల్లని "బైలింగ్వల్ కదా, అలాగే ఉంటుంది" అని వదిలేస్తారు. నిజమైన భాషా సమస్య ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఒక్క ఇంగ్లీషులోనే తడబాటంటే అది అలవాటు లేకపోవడమే.

బొమ్మలు చూపిస్తే మాట్లాడటం మానేస్తాడా?

మాట ఇంకా రాని బిడ్డకి బొమ్మల కార్డులు, ఫొటోలు, సైగలు, ట్యాబ్ ఇచ్చి "దీనితో చెప్పు" అంటే తల్లిదండ్రులకి గుండె జారుతుంది, ఇక మాటలు రావని తేల్చేశారనుకుంటారు. ఈ పద్ధతులు మాటని అడ్డుకున్నట్టు పరిశోధనల్లో తేలలేదు. కొంతమందిలో మాట కాస్త పెరిగింది కూడా. కార్డు ఇచ్చి కావాల్సింది తీసుకునే పెక్స్ పద్ధతిని అమెరికాలోని డెలావేర్‌లో 1985లో రూపొందించారు. మన దేశంలో చెన్నైలో పుట్టిన అవాజ్, ఐఐటీ బొంబాయి చేసిన జెల్లో లాంటి యాప్‌లు ఉన్నాయి. అవి లేకపోయినా ఫర్వాలేదు. ఇంట్లోని స్టీలు గ్లాసు, వాడి పళ్ళెం, బాత్రూం తలుపు, బయటికెళ్ళే చెప్పులు, వీటిని ఫోన్‌తో ఫొటో తీసి ప్రింట్ వేసి, వాడి ఎత్తుకి అందేలా గోడకి అతికిస్తే మొదలుపెట్టినట్టే. అన్నిటికన్నా ముందు ఉండాల్సిన బొమ్మ "వద్దు", "చాలు". కావాల్సినవి అడగడమే నేర్పి కాదనడం నేర్పకపోతే, కాదనడానికి పళ్ళు వాడతాడు.

ఫంక్షన్ హాల్లో ఏం జరిగింది?

ఇంద్రియాల సంగతి మన దగ్గర అతి తక్కువమందికి తెలుసు, అతి ఎక్కువ తిట్లు తినిపించేదీ ఇదే. ఇంద్రియాలు ఐదని చదువుకున్నాం. థెరపిస్టులు ఇంకో మూడు కలుపుతారు. ఒళ్ళు ఎటు ఒరిగిందో లోపలి చెవి చెప్పేది ఒకటి. కాళ్ళూ చేతులూ ఎక్కడున్నాయో, ఎంత బలం పెడుతున్నాయో కండరాలూ కీళ్ళూ చెప్పేది ఇంకొకటి. ఆకలి, దాహం, బాత్రూం అవసరం లాంటి లోపలి కబుర్లు మూడోది. ఇవన్నీ మెదడు ఎలా కలిపి అర్థం చేసుకుంటుందన్న దాని మీద అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ జీన్ ఏయర్స్ 1970లలో ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. ఇవాళ మన వీధిలో కనిపించే "సెన్సరీ ఇంటిగ్రేషన్" బోర్డులన్నీ ఆ దారిలోనివే.

సిద్ధాంతం పక్కన పెట్టి ఒక పెళ్ళి రిసెప్షన్ చూడండి. డీజే దరువుకి కుర్చీ అదురుతోంది. ఎల్‌ఈడీ తెర కళ్ళల్లో కొడుతోంది. కొత్త పట్టుపంచె జరీ అంచు నడుం దగ్గర గుచ్చుకుంటోంది. బిర్యానీ, మల్లెపూలు, సెంటు, పొగ మెషీన్, అన్నీ కలిసిన వాసన. నిమిషానికొకరు బుగ్గ గిల్లి "పేరేంటి నాన్నా?" అంటున్నారు. చాలాసేపు ఓర్చుకున్న ఐదేళ్ళ బాబు, ఫొటో కోసం మేనమామ భుజం మీద చెయ్యి వేయగానే నేల మీద పడి తల కొట్టుకుంటాడు. చూసినవాళ్ళకి కనిపించేది ఆ ఆఖరి చెయ్యి ఒక్కటే. "గారాబం ఎక్కువైంది, రెండు తగిలిస్తే సరి" అంటారు.

మారాం వేరు, ఇది వేరు. దీన్ని మెల్ట్‌డౌన్ అంటారు, అంటే ఇక భరించలేక కట్ట తెగిపోవడం. మారాం చేసే బిడ్డ మధ్యమధ్యలో మన మొహం చూస్తాడు, అడిగింది చేతికొస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న బిడ్డకి అడిగింది ఇచ్చినా ఆగదు, ఎందుకంటే వాడు అడిగిందేమీ లేదు. ఆ సమయంలో నీతులు, ప్రశ్నలు, బుజ్జగింపులు అన్నీ అదనపు శబ్దమే. బయట చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకెళ్ళి, తక్కువ మాట్లాడి, తల దెబ్బ తగలకుండా చూసుకుని పక్కన కూర్చోవడమే పని.

అసలు పని అంతకుముందే ఉంది. రిసెప్షన్‌కి జనం రాకముందే వెళ్ళి, అక్షింతలు వేసి, తినేసి వచ్చెయ్యచ్చు. పట్టుపంచె కింద పాత కాటన్ నిక్కరు వేస్తే జరీ తగలదు. చెవులకి ఇయర్‌మఫ్స్ పెట్టచ్చు. మిక్సీ వేసే ముందు "మిక్సీ వేస్తున్నా" అని చెప్పి, కావాలంటే వాడితోనే స్విచ్ నొక్కించచ్చు. తనే మోగించే శబ్దాన్ని చాలామంది పిల్లలు తట్టుకుంటారు. తలకట్టింగ్‌కి సెలూన్ బదులు ఇంట్లో, నిద్రపోయే ముందు కొంచెం, రేపు కొంచెం. తిరుమల కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించాలన్న మొక్కుంటే, ఆ తడి, ఆ బ్లేడు, ఆ ఏడుపుల హోరు బిడ్డకి ఎలా ఉంటాయో ముందే ఆలోచించి, ఫొటోలు చూపించి, రద్దీ తక్కువ వేళ చూసుకోవడం మేలు.

ఇదే బిడ్డ ఇంకో ఇంద్రియం విషయంలో తిరగేసి ఉండచ్చు. శబ్దానికి వణికేవాడే సోఫా మీంచి వందసార్లు దూకుతాడు, చొక్కా కాలర్ నములుతాడు, గిరగిరా తిరుగుతాడు. ఒళ్ళు చెప్పే కబురు సరిగ్గా అందక, పెద్దగా కావాలని వెతుక్కుంటున్నాడన్నమాట. అలాంటివాడికి కూరగాయల సంచి మొయ్యడం, చపాతీ పిండి పిసకడం, ఉయ్యాల, ఇసుక, ఈత ఇష్టంగా ఉంటాయి. తెల్లన్నం, పెరుగు తప్ప ముట్టని పిల్లలు, పప్పులో టమాటా తొక్క తగిలితే వాంతి చేసుకునే పిల్లలు కూడా ఈ కోవలోవాళ్ళే. నోట్లో కుక్కితే ఆ పెరుగన్నం కూడా మానేస్తారు.

ఇక్కడ నిజాయతీగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. శబ్దం, స్పర్శ విషయంలో ఈ తేడాలు నిజమే. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5, అంటే మానసిక వైద్యులు నిర్ధారణకి వాడే అమెరికా గ్రంథం, వాటిని ఆటిజం లక్షణాల్లో చేర్చింది కూడా. కానీ "సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్" అన్నదాన్ని విడి జబ్బుగా రాయవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో సూచించింది, సెన్సరీ థెరపీకి ఆధారం అప్పటికి పరిమితమేనని కూడా చెప్పింది. బరువు దుప్పట్ల మీద బ్రిటన్‌లో జరిగి 2014లో అచ్చయిన ట్రయల్‌లో ఆటిజం ఉన్న పిల్లల నిద్ర పెరగలేదు, అయినా తల్లిదండ్రులకి దుప్పటి నచ్చింది. నా లెక్క ఇది: పరిసరాలు మార్చడానికి రూపాయి ఖర్చు లేదు, హాని లేదు, ఫలితం వెంటనే కనిపిస్తుంది. రంగు రంగుల లైట్లున్న గదిలో గంటకి వందలు పోసే ముందు, దీనివల్ల ఇంట్లోనో బడిలోనో ఏ పని తేలికవుతుందో, ఎన్నాళ్ళలో కనిపించాలో థెరపిస్టుని అడగండి. జవాబు లేకపోతే ఆ డబ్బుతో పార్కు పక్కన ఇల్లు అద్దెకి తీసుకోవడం నయం.

క్లాస్‌రూంలో

టీచర్ అంటుంది: "అందరూ లెక్కల పుస్తకం తీసి, ముప్ఫైరెండో పేజీలో రెండో లెక్క నోట్‌బుక్‌లో చేసి, అయినవాళ్ళు ఇక్కడికి తీసుకురండి." నలభైమంది కదిలారు. బెంచీలు జరిగాయి, ఫ్యాను టకటకలాడుతోంది. ఒక పిల్లాడు పుస్తకం తీసి ఊరికే కూర్చున్నాడు. వాడికి మొదటి ముక్క ఒక్కటే అందింది. వినపడింది, అర్థం చేసుకునే లోపే మిగతావి వెళ్ళిపోయాయి. వీడు బాగానే మాట్లాడతాడు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆటిజం లేకుండా, చెవుడు లేకుండా, భాష మాత్రమే కష్టమైన ఇలాంటి పిల్లలు క్లాసుకి ఒకరిద్దరు ఉంటారని బ్రిటన్‌లో లెక్క తేల్చారు. వాళ్ళకి కావాల్సింది పేజీ నంబరు బోర్డు మీద రాయడం, ఒక్కో ముక్క విడగొట్టి చెప్పడం, తలుపుకీ ఫ్యానుకీ దూరంగా ముందు బెంచీ. ఒక్కరి కోసం చేసినా ఇంకో పదిమందికి పనికొస్తుంది.

ఇంకో రకం పిల్లలు నాలుగేళ్ళకే షాపు బోర్డులన్నీ చదివేస్తారు, బస్సు నంబర్లు అప్పజెబుతారు. ఇంట్లో పండగ. కానీ "రాముడు బజారుకెళ్ళి పళ్ళు తెచ్చాడు" అని చదివి, ఎవరు తెచ్చారంటే చెప్పలేరు. చదవడం వచ్చినంత మాత్రాన చదివింది అర్థమైనట్టు కాదు, ముందు చూసుకోవాల్సింది అర్థమే.

తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే డిస్‌లెక్సియా తెలుగులో వేరేగా కనిపిస్తుంది. మన లిపిలో రాసినట్టే చదువుతాం కాబట్టి ఇంగ్లీషులోలాగా స్పెల్లింగ్ చిక్కులు ఉండవు. దానికి బదులు చదవడం నత్తనడక నడుస్తుంది, గుణింతాలు తారుమారవుతాయి, వత్తులు ఎగిరిపోతాయి, ప, వ, మ, య కలిసిపోతాయి. తెలుగు ఎలాగోలా గట్టెక్కి ఇంగ్లీషులో మునిగే పిల్లలూ ఉంటారు. సుమారు మూడో తరగతి, ఎనిమిదేళ్ళ వయసు వచ్చేదాకా దీనికి సర్టిఫికెట్ ఇవ్వరు. అప్పటిదాకా సాయం చెయ్యకూడదని మాత్రం ఏ నిబంధనా లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఎవరిని నమ్మాలి

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మాట-భాషా లోపం మూడూ అందులో ఉన్నాయి. 1995 నాటి పాత చట్టంలో ఆటిజం ఊసే లేదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు తేలితే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గర్లోని బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో ఈ శాతాన్ని రాసిచ్చే కాగితానికి ఏళ్ళుగా జనం నోట్లో ఉన్న పేరు "సదరం సర్టిఫికెట్". దేశమంతటికీ వచ్చిన యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కూడా ఈ అంచనా మీదే ఇస్తారు. ఆటిజం శాతాన్ని 40 ప్రశ్నల ఇసా అనే కొలమానంతో కడతారు. దాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి వికాస లోపాలున్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థే, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. 1984 నుంచి ఉన్న ఈ సంస్థ గురించి హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చులకీ భాగం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటిలో పనిచేసే రిసోర్స్ టీచర్లకి పిల్లలెక్కువ, వసతులు తక్కువ. ప్రాథమిక బడుల్లో అలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని కేంద్రం 2022లో నిబంధన పెట్టింది. అది కాగితం మీంచి క్లాసులోకి రావడానికి కోర్టు కేసులు నడిచాయి, ఇంకా నడుస్తున్నాయి.

సర్టిఫికెట్ తీసుకుంటే "రికార్డుల్లోకి ఎక్కిపోతుంది, రేపు సంబంధాలు రావు" అని చాలామంది వెనకాడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (బదులు రాసిపెట్టే మనిషి), బీమా ఏదైనా ఆ కాగితంతోనే ముడిపడి ఉంది. దాన్ని ఎవరికి చూపించాలో మీ ఇష్టం.

థెరపీ సెంటర్లు ఇప్పుడు గల్లీకొకటి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టులకి పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడగండి, తప్పులేదు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి కిందికి రారు, వాళ్ళకి 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వర్తిస్తుంది, కనీసం డిగ్రీ ఏమిటో అడగచ్చు. లక్షలు గుంజే స్టెమ్ సెల్ వైద్యం జోలికి మాత్రం పోవద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన కొన్ని వ్యాధులకి తప్ప అది ఆమోదించిన చికిత్స కాదు, ఆటిజానికి దాన్ని సిఫారసు చెయ్యలేమని 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా స్పష్టం చేసింది.

మంచి థెరపిస్టుని గుర్తుపట్టడానికి నేను చూసేది ఒకటే: తల్లిదండ్రుల్ని గదిలోకి రానిస్తారా లేదా. వారానికి రెండు గంటలు సెంటర్‌లో, మిగతా నూట అరవై చిల్లర గంటలు ఇంట్లో. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలతో జరిగి 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఇంటికెళ్ళి తల్లిదండ్రులకి బిడ్డతో ఎలా మెలగాలో నేర్పారు. అమ్మానాన్న స్పందించే తీరు మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము అమ్మానాన్నని పలకరించడం పెరిగింది. తలుపేసి లోపల "ట్రీట్‌మెంట్" చేసి, ఫీజు తీసుకుని బిడ్డని అప్పగించే చోట ఈ పని జరగదు.

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో రెండు మూడు చిన్న వీడియోలు తీసుకెళ్ళండి: అన్నం తినేటప్పుడు ఒకటి, తనంతట తాను ఆడుకునేటప్పుడు ఒకటి, ఇబ్బంది పడ్డప్పుడు కుదిరితే ఒకటి. కొత్త గదిలో, తెల్లకోటు ముందు బిడ్డ ఇంట్లో ఉన్నట్టు ఉండడు. పక్కనే ఒక కాగితం మీద ఎప్పుడు, ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది అన్నవి రాసుకోండి. బయటికొచ్చేముందు "ఈ వారం ఇంట్లో మేం చెయ్యాల్సిన ఒక్క పని చెప్పండి" అని అడగండి. పది చెబితే ఏది ముందో అడగండి. వినికిడి రిపోర్టు మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్ళండి, లేకపోతే వాళ్ళు ముందు అక్కడికే పంపుతారు.